నెలన్నర వచ్చిన డబ్బా

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో నేనొక చిన్న ఇంగ్లీషు దినపత్రికలో విలేకరిగా పనిచేసేవాణ్ని. పేపరు చిన్నదే గాని ఊరు పెద్దది. పొద్దున్న కోర్టు, మధ్యాహ్నం యూనియన్ ఆఫీసులు, సాయంత్రం ఎక్కడో ఒకచోట సభ. అన్నీ సైకిలు మీదే. భోజనం వేళకి ఇంటికి చేరిన రోజు తక్కువ. టీ, సమోసా, మళ్లీ టీ. రెండేళ్లు ఇలా గడిచాక కడుపులో పుండు పడింది. తింటే మంట, తినకపోతే ఇంకా మంట. డాక్టరు చింతపండు, మిరపకాయ మానెయ్యమన్నాడు. ఆ రెండూ మానేస్తే మా ఇళ్లలో తినడానికి ఇంకేం మిగులుతుందో ఆయనకి తెలియదు.

భుయ్యాడీహ్‌లో నది వైపు రెండు గదుల ఇంట్లో అద్దెకి ఉండేవాళ్లం, నేనూ నా భార్యా. ఆమెది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. పెళ్లయి మూడేళ్లు. అదే వాకిట్లో అవతలి రెండు గదుల్లో ఛప్రా నించి వచ్చిన బీహారీ కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన స్కూటర్లు బాగుచేసేవాడు. ఆయన భార్యని మేమిద్దరం భాభీ అనేవాళ్లం. ఈ ఊళ్లో నా భార్యకి దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడే.

ఆ రోజుల్లో గోల్‌మురి బజారులో ఒక మందుల దుకాణం అద్దాల వెనక కొత్త డబ్బాలు వరసగా పేర్చి పెట్టారు. డబ్బా మీద కోటు వేసుకున్న మనిషి నవ్వుతూ గ్లాసు ఎత్తి పట్టుకుని ఉంటాడు. కింద పెద్ద అక్షరాల్లో ఒక గ్లాసు ఒక భోజనంతో సమానమని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, పేరు చెప్పుకోవలసిన పనీ లేదు. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చెంచాలు కలుపుకుని తాగితే వండే పని లేదు, అరగని బాధ లేదు అన్నాడు దుకాణదారు. ఒక డబ్బా ఖరీదు మా ఇంటి వారం రోజుల వంట ఖర్చుతో సమానం. అయినా కొన్నాను. నాలా రోజంతా తిరిగేవాడికి అదే సరైన తిండి అనిపించింది.

పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. మధ్యాహ్నం మెత్తటి అన్నం, పెరుగు. అది గిన్నెలో పెట్టి సైకిలుకి తగిలించి పంపేది నా భార్య. గ్లాసు నా చేతికి వచ్చేది. వంటింట్లోకి నేను వెళ్లేవాణ్ని కాదు. మా నాన్న వెళ్లేవాడు కాదు, మా బావా వెళ్లడు. వాకిట్లో కూర్చుంటే గూట్లో డబ్బా, దాని మీద కోటు మనిషి కనిపించేవాడు. అంతే నేను చూసింది. గ్లాసు అడుగున కొంచెం నూకలాంటిది మిగిలిపోయేది.

"సెంచాతో తిప్పుకుంటూ తాగండి," అనేది నా భార్య. "బలమంతా అడుగునే ఉంతాది."

తిప్పుకుంటూ తాగేవాణ్ని.

రెండు నెలలకి మంట పూర్తిగా తగ్గింది. మూడో నెలకి బెల్టు ఒక చిల్లు వదులు చేసుకున్నాను. ఆఫీసులో అందరూ గమనించారు. మా ఎడిటరు, వయసు మళ్లిన బెంగాలీ పెద్దమనిషి, ఆదివారం పేజీకి దీని మీద రాయమన్నాడు. ఊళ్లో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు వేల మంది, వేళకి తిండి లేనివాళ్లు, వాళ్లకి పనికొస్తుందన్నాడు.

రాశాను. మూడు ప్రశ్నలు వేసుకున్నాను: ప్రమాదం లేనిదేనా, మనలాంటి వాళ్లు కొనగలరా, నమ్మవచ్చా. మొదటిదానికి నన్ను నేనే సాక్షిగా పెట్టుకున్నాను. రెండోదానికి లెక్క చూపించాను: రోజుకి రెండు గ్లాసులు తాగితే డబ్బా నెలన్నర వస్తుంది, కాబట్టి ఇది టీ, సమోసాల కంటే చవక. నేను డబ్బా కొంటున్నది నెలన్నరకి ఒకసారి, అది నాకు బాగా గుర్తు. మూడోదానికి, మూడు నెలలు నా కడుపే పరీక్షించింది కనక నమ్మవచ్చు అని ముగించాను. కింద నా పేరు వేశారు. విలేకరిగా నాకు పేరు పడడం అదే మొదటిసారి.

గోల్‌మురి దుకాణం వాడు ఆ ముక్క కత్తిరించి అద్దం మీద అతికించాడు. డబ్బాలు పంపిణీ చేసేవాడు ఆఫీసుకి వచ్చి, వద్దంటున్నా రెండు డబ్బాలు నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. తీసుకోకూడదని నాకు తెలియకపోలేదు. కాని ఆ వారమే అక్కకి టైఫాయిడు తగ్గి మంచం మీద ఉందని కబురు వచ్చింది. ఇవి అక్కకి ఇద్దాం అనుకోగానే తీసుకోవడం సులువైపోయింది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. నాన్న టాటానగర్ స్టేషన్లో గూడ్సు గుమాస్తా, ఎప్పుడు వస్తాడో ఎప్పుడు వెళ్తాడో తెలియదు. అప్పటికే పెళ్లయి బారిడీహ్ క్వార్టర్సులో కాపరం పెట్టిన అక్క నన్ను తీసుకెళ్లి తన దగ్గర ఉంచుకుంది. బడికి వెళ్లినన్నాళ్లూ ఆమె వండిందే తిన్నాను. బావ స్టీలు కంపెనీ మిల్లులో పని. ఇద్దరూ నన్ను పరాయివాడిలా చూసిన రోజు లేదు.

డబ్బాలు సంచిలో పెడుతుంటే నా భార్య గుమ్మంలో నిలబడింది.

"వదినకెందుకండీ ఇవి? అన్నం మెత్తగా వండి పెడితే సాలదేటి."

"నాకు పనిచేసింది అక్కకి పనిచెయ్యదా?"

"మీ కడుపునొప్పి ఏరు, ఆవిడ జొరం ఏరు."

"డాక్టరు చదువెప్పుడు చదివేవేటి?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె ఇంకొక్క మాట అనివుంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను. నేను ఆ నవ్వు నవ్వకుండా ఉండవలసిందని అనుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

బారిడీహ్‌లో అక్క డబ్బాని చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత సిన్న డబ్బాలో అన్ని భోజనాలు ఎలాగ పట్టేయిరా?"

"మడతెట్టి ఎట్టుంటారు," అన్నాడు బావ.

అక్క కూతురు, కాలేజీలో చదువుతున్న పిల్ల, నేను రాసిన ముక్క తీసుకుని ఇంగ్లీషులో చదివి హిందీలో అర్థం చెప్పింది. ఆ ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలోనే జవాబు చెప్పేది. నా పేరు దగ్గరికి వచ్చేసరికి అక్క మళ్లీ చదవమంది. తరవాత ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టించింది.

"ఇంక నాకు వంటొద్దు," అంది. "మా తమ్ముడు రాసినట్టే తాగుతాను."

తరవాత రెండు నెలల్లో నేను అక్క ఇంటికి వెళ్లింది రెండుసార్లు, అదీ నిలబడి పలకరించి వచ్చేయడమే. నీరసంగా ఉందనుకున్నాను. టైఫాయిడు తరవాత అలాగే ఉంటుందనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం పొద్దుటి షిఫ్టు దిగిన బావ నేరుగా మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి మాట్లాడాడు.

"బామ్మర్దీ, నిన్నొకటి అడగాల. ఆ డబ్బా మాకు పన్నెండు రోజులే వత్తంది. నువ్వు నెలన్నర అని రాసేవు. మా ఇంటి సెంచా పెద్దదేటి?"

నేను నవ్వాను. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

"సెంచా కూడా మార్చేవోయ్. సిన్నది కొన్నాను. అయినా రావట్లేదు. నేను డబుల్ డ్యూటీ సేత్తన్నాను గాని మీ అక్క వద్దంతంది. తమ్ముడు రాసినంత కాలం రావాల, నేనే ఎక్కువేసుకుంతన్నాను అని, ఇప్పుడు నాలుక్కి రెండే ఏసుకుంతంది. కాళ్లు వాసేయి. బకెట్టు ఎత్తలేకపోతంది. నిన్న డాక్టరుకి సూపించేను. ఇంకో నెల ఇలాగైతే మా సేతుల్లో ఉండదన్నాడు."

"డబ్బా సంగతి డాక్టరుకి చెప్పావా?"

"సెప్పనిత్తే కదా. డాక్టర్లకి ఇవన్నీ తెలవవంతంది. నువ్వొచ్చి ఒకపాలి సూడు. నువ్వు సెప్తే ఇంతాది."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వెళ్లాను. అక్క మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం బాగా లాగేసింది, పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి జుట్టు సర్దుకోబోయి, చేతికి వచ్చిన వెంట్రుకలు దుప్పటి కింద పెట్టేసింది.

"మామకి టీ వద్దే, కడుపు మంచిది కాదు," అంది కూతురితో. "డబ్బా కలుపు. నాలుగు సెంచాలెయ్యి."

"మా, ఆప్ తో దో హీ లేతీ హో," అంది ఆ పిల్ల. నువ్వు మాత్రం రెండే వేసుకుంటావు కదా అని.

"ఆడు తిరిగే మనిషి. ఎయ్యి."

వద్దన్నాను. వినలేదు. గ్లాసు వచ్చింది. ఒక గుక్క తాగాను.

అది నేను తాగేది కాదు.

పల్చగా, తియ్యగా, పాలపొడి వాసన వేస్తోంది. ఇంకో గుక్క తాగి చూశాను. మొదటిసారి డబ్బా కొన్న రోజుల్లో ఈ రుచి నా నోటికి తగిలిందని లీలగా గుర్తొచ్చింది. ఆ తరవాత నెలల తరబడి నేను తాగినది చిక్కగా, కాస్త వేయించిన వాసనతో, గొంతులో నిలిచేట్టు ఉండేది. గ్లాసు పూర్తిచేసి వెలుతురుకి ఎత్తి చూశాను. అడుగు శుభ్రంగా ఉంది. తిప్పడానికి చెంచా కూడా ఇవ్వలేదు ఎవరూ.

పక్కనున్న డబ్బా తీసుకుని వెనక వైపు చదివాను. ఇసుక రేణువుల్లాంటి అక్షరాల్లో, మామూలు భోజనంతో పాటు వాడవలసినది అని ఉంది. ఆ డబ్బా మీద ఒక పేజీ రాసినవాణ్ని, ఆ వైపు తిప్పి చూడలేదు.

"బాగుందా?" అంది అక్క.

బాగుందన్నాను.

భుయ్యాడీహ్ చేరేసరికి నా భార్య వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. సైకిలు గోడకి ఆనించాను.

"అక్క దగ్గర డబ్బా తాగేను," అన్నాను. "అడుగున ఏమీ మిగల్లేదు."

చేట ఆగింది. ఆమె తలెత్తలేదు.

"నాకేటి ఇస్తున్నావు?"

"సత్తండీ," అంది.

సత్తు అంటే వేయించిన శనగల్ని విసిరిన పిండి. బీహారు వాళ్లు నీళ్లలో కలుపుకుని ఉప్పు, నిమ్మకాయ వేసుకుని తాగుతారు, ఉల్లిపాయ నంచుకుని ముద్దగా తింటారు. రిక్షా తొక్కేవాళ్లు, ఇటుకలు మోసేవాళ్లు రోడ్డు పక్క ఇత్తడి పళ్లెంలో సత్తు కలుపుకోవడం చూస్తూనే నేను పెరిగాను. మా తెలుగువాళ్ల ఇళ్లలో మాత్రం అది గుమ్మం దాటేది కాదు. ఎవరూ కట్టడి చెయ్యలేదు. అది వాళ్ల తిండి, మనది కాదు, అంతే. సత్తు తినడానికా రైలెక్కి ఇంత దూరం వచ్చాం అనేవాడు మా నాన్న. పెళ్లయిన కొత్తలో భాభీ గిన్నెతో పంపితే నేనూ అదే మాట అని వెనక్కి పంపించాను. ఈ ఊళ్లో ఏ బీహారీ అయినా ఆ గ్లాసు మొదటి గుక్కలోనే చెప్పేసేవాడు అందులో ఏముందో. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు దాని రుచి తెలియదు.

"ఎన్నాళ్ల నించి?"

"మొదటి డబ్బా పన్నెండో రోజుకి అయిపోయింది. మీ జీతానికి ఇంకా పది రోజులుంది. సెప్తే మీరు ఎవర్నో అడిగి తెత్తురు. భాభీ సత్తు ఇచ్చింది. గుడ్డలో జల్లించి, పాలల్లో కలిపి, పంచదార, ఏలక్కాయ ఏసేను. మర్నాడు సెప్దామనుకున్నాను. ఆ మర్నాడు మీరు కడుపు మండలేదన్నారు. ఆ మాట మీ నోట ఎన్ని నెలలకి ఇన్నానో తెలుసా?"

"తరవాత కొన్న డబ్బాలు?"

"వాసనకి ఒక సెంచా ఏసేదాన్ని. అందుకే నెలన్నర వచ్చేది."

"సత్తు అని చెప్తే సరిపోయేది కదా."

"సెబితే తాగుదురేటి?"

తాగేవాణ్ని కాదు. అయినా కోపం తగ్గలేదు. ఆమె పెట్టింది విషం కాదు, అది నాకు అప్పుడూ తెలుసు. కాని ఇన్ని నెలలు, రోజుకి రెండుసార్లు, నా కళ్లలోకి చూస్తూ గ్లాసు చేతికిచ్చింది. బలమంతా అడుగునే ఉంటుందని చెప్పింది. నేను తిప్పుకుంటూ తాగుతుంటే చూసింది. నా పేరుతో అచ్చయిన ముక్కని నాతో పాటు వాకిట్లో కూర్చుని విన్నది.

"నేను పేపర్లో రాస్తున్నప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

అప్పుడు తలెత్తింది.

"రాసేటప్పుడు నన్ను అడిగేరా? డబ్బా ఎన్నాళ్లొస్తాది, ఎలాగ కలుపుతున్నావు అని ఒక్క ముక్క అడిగేరా? ఊరందర్నీ అడుగుతారు. అచ్చులో పడ్డాక నాను సెప్తే ఆపీసులో మీ మొకం ఎలాగుంతాది?"

"మరి అక్కకి తీసుకెళ్తున్నప్పుడు?"

ఆమె చేట కింద పెట్టింది. బియ్యంలో వేళ్లు పెట్టి ఊరికే కదుపుతూ కూర్చుంది.

"అప్పుడు సెప్పాల్సిందే," అంది చివరికి. "భయమేసింది."

ఆ సాయంత్రమే పొట్లం సత్తు కట్టించుకుని బారిడీహ్ వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క ఓపిగ్గా విని పొట్లం వైపు చూసింది.

"నువ్వు డబ్బా తాగి బాగుపడ్డావు. నాకు రిచ్చావోళ్ల పిండి తెచ్చేవా?"

"అదే తాగేనక్కా నేనూ."

"మీ బావ నీకేటి సెప్పేడో నాకు తెలుసులే. డబ్బా కొనలేకపోతన్నాడు. ఆడే నిన్ను పంపేడు." దేవుడి గూటి వైపు చెయ్యి చూపించింది. "అచ్చులో ఉంది కదరా, నీ పేరుతోటి. అది అబద్దమేటి?"

బావ గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు. ఆ చూపు కూడా మెత్తగా లేదు. డబుల్ డ్యూటీలు చేసింది ఆయన.

అచ్చయిన మాటని అచ్చుతోనే కొట్టాలనుకున్నాను. సోమవారం ఎడిటరు దగ్గరికి వెళ్లి సవరణ వెయ్యమని అడిగాను.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"మా అక్క."

"మన పేపరు చదువుతుందా?"

"ఆమెకి ఇంగ్లీషు రాదు."

"మరి?"

"అందుకే నమ్మిందండీ."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొత్తం చెప్పమన్నాడు, చెప్పాను. సత్తు మాట వచ్చినప్పుడు కాస్త నవ్వాడు, వెంటనే ఆపుకున్నాడు. డబ్బాల కంపెనీ ప్రకటన అప్పటికి వారం వారం వస్తోంది. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గురువారం లోపలి పేజీలో, సిమెంటు టెండరు ప్రకటన కింద, మూడు వాక్యాలు వచ్చాయి. ఫలానా వ్యాసంలో పొడి పరిమాణం, డబ్బా వచ్చే కాలం పొరపాటుగా ఇవ్వబడ్డాయి, ఈ పొడి భోజనానికి బదులు వాడదగినది కాదు, చింతిస్తున్నాము. సత్తు ఊసు లేదు. అడిగితే, ఇంటి సంగతులు పేపర్లో ఎందుకన్నాడు. నాకూ అదే తేలికగా అనిపించింది. ఒప్పుకున్నాను.

ఆదివారం ఆ ముక్క తీసుకుని బయల్దేరుతుంటే నా భార్య చీర మార్చుకుని వచ్చి సైకిలు పక్కన నిలబడింది. వారం రోజులుగా మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. చేతిలో సంచి ఉంది. వెనక కేరియరు మీద ఎక్కింది.

అక్క ఆ రోజు లేచి కూర్చోలేదు. పడుకునే విన్నది. అక్క కూతురు మూడు వాక్యాలూ చదివి హిందీలో చెప్పింది. మళ్లీ చదవమంది అక్క. చదివింది.

"ఇందులో సత్తు మాటేదీ?"

నేను కాగితం తీసుకుని మడిచాను.

"మొదటిది నువ్వే రాసేవు. ఇదీ నువ్వే రాసేవు. నువ్వు తాగిందేటో రెంట్లోనూ లేదు. ఏది నమ్మమంతావు?" గొంతు నీరసంగా ఉంది గాని మాట తడబడలేదు. "సిన్నప్పుడు అబద్దమాడితే నీ సెవులు ఎర్రబడీవి. ఇప్పుడు పడట్లేదు. నిజమాడుతున్నావో, ఆడ్డం నేర్చుకున్నావో తెలవట్లేదురా."

గోడ వైపు తిరిగి పడుకుంది. బావ బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల పరిచయంలో ఆ ఇంట్లో నాకు కూర్చోమని చెప్పేవాళ్లు లేకపోవడం అదే మొదటిసారి.

నా భార్య సంచి పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. పాలగిన్నె చప్పుడు, గ్లాసుల చప్పుడు వినిపించాయి. రెండు గ్లాసులతో వచ్చింది. సంచిలోంచి మా గూట్లో ఉండే డబ్బా తీసి, కోటు మనిషి అక్క వైపు ఉండేట్టు మంచం పక్క స్టూలు మీద పెట్టింది. మూత తీసింది. లోపల గోధుమరంగు సత్తు. ఒక గ్లాసు నాకిచ్చింది, చెంచాతో సహా.

"తాగండి."

చెంచాతో తిప్పుకుంటూ తాగాను, ఇంట్లో తాగినట్టే. అక్క మెల్లగా ఇటు తిరిగింది. నా గ్లాసు అందుకుని అడుగుని చూసింది. నూక ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. తరవాత నన్ను కాదు, నా భార్యని అడిగింది.

"ఏటేసేవమ్మా ఇందులో?"

"సత్తు మూడు సెంచాలు వదినా. గుడ్డలో జల్లించాల, లేకపోతే గొంతుకి పట్టుకుంతాది. పాలు సగం, నీళ్లు సగం. పంచదార ఒక సెంచా. ఏలక్కాయ ఒకటి. ఆయనకి వాసన తెలిసిపోద్దని డబ్బా పొడి ఒక సెంచా ఏసేదాన్ని. నీకు ఎయ్యలేదు." ఆగి, "నాను ముందే సెప్పాల్సింది వదినా. నీకు ఈ డబ్బాలు తెచ్చిన రోజే. సెప్పలేదు. తప్పు నాదే," అంది.

అక్క ఆమె వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆడికి ఇన్నాళ్లూ తెలవలేదేటి?"

"తెలవలేదు వదినా."

"పేపర్లో రాసీసేడు."

"రాసీసేరు."

అక్క పెదవులు కొంచెం కదిలాయి. అది నవ్వే. రెండో గ్లాసు నా భార్య చేతిలోంచి అందుకుంది. నా భార్య గ్లాసు అడుగున పట్టుకుంది.

"ఇది ఏటి పోసిందో దీనికి తెలుసు," అంది అక్క నా వైపు చూడకుండా. "నువ్వేటి తాగేవో నీకే తెల్దు. అలాంటోడివి ఊరికి సెప్పేవు."

ఆ గ్లాసు పూర్తిచేసింది. మధ్యాహ్నం నా భార్యే గంజన్నం మెత్తగా కలిపి పెడితే నాలుగు ముద్దలు తింది. కాళ్ల వాపు తీయడానికి నెల పట్టింది, బకెట్టు ఎత్తడానికి ఇంకో రెండు నెలలు. అక్క బాగుపడింది. సత్తు వల్లనో, మళ్లీ అన్నం తినడం వల్లనో చెప్పలేను. నా కడుపు దేనివల్ల బాగుపడిందో కూడా చెప్పలేను. వేళకి ఏదో ఒకటి పడడమే చాలిందేమో. ఈ సంగతి మాత్రం నేను రాయలేదు, ఇదిగో ఇప్పటిదాకా. గోల్‌మురి దుకాణం అద్దం మీద నా మొదటి ముక్క ఎండకి పసుపు రంగు తిరిగేదాకా ఉంది. సవరణని ఎవరూ కత్తిరించి అతికించలేదు. ఎంతమంది ఆ అద్దం ముందు నిలబడి చదివారో, చదివి ఎవరెవరు చెంచాలు తగ్గించుకున్నారో నాకు తెలియదు.

ఆ తరవాత అక్కకి ఏ మందు గురించి అనుమానం వచ్చినా, ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, కబురు నా భార్యకే వచ్చేది. నన్ను పండక్కి పిలిచేది, కడుపు నిండా పెట్టేది. అడగడం మాత్రం మానేసింది.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో ఎండ తగ్గింది. గోల్‌మురి దాటాక రోడ్డు కాస్త ఎత్తు ఉంటుంది, అక్కడ నా భార్య దిగి పక్కన నడిచేది, మళ్లీ ఎక్కేది. దిగి నడుస్తున్నప్పుడు నేను అడిగాను.

"ఇంకేటేటి దాచేవు నా దగ్గర?"

"అడగండి," అంది. "అడిగితే సెప్తాను. ఏటి కావాల?"

మెరక ఎక్కేదాకా ఆలోచించాను. రోజూ పొద్దున లేచి పదిమందిని పది ప్రశ్నలు అడగడం నా ఉద్యోగం. మా ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో, ఈమె మధ్యాహ్నం ఏం తింటుందో, తింటుందో లేదో, నాకు తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పైకి చేరాక ఆమె మళ్లీ కేరియరు మీద కూర్చుంది. నేను తొక్కుతూ పోయాను.